బున్నం చుట్టిన తీగ

సియోల్‌లో చాంగ్సా వీధి రేడియో కొట్లవాళ్ళకి ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ ఎవరు చుట్టారో చెప్పడానికి చీటీ అక్కర్లేదు. పైన కాగితం విప్పి చూస్తారు. రాగి తీగ వరసకి వరస, ఒక్క చుట్టు కూడా పక్కదాని మీదికి ఎక్కకుండా, నూనె రాసి దువ్విన జుట్టులా ఉంటే అది బున్నం చెయ్యి. ఇరవై మూడేళ్ళుగా ఆవిడ ప్యో వాళ్ళ కొట్లో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కాయిల్స్ చుడుతోంది. ఆవిడ దృష్టిలో మంచి కాయిల్ అంటే నోరు మెదపనిది. బుయ్ మన్నదంటే ఎక్కడో చుట్టు వదులైందన్నమాట. దాన్ని విప్పి పారేయాల్సిందే.

ఆ ఏడాది కొత్త సంవత్సరం, సొల్లాల్ పండగ వెళ్ళాక ఆవిడ కుడి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట చలి అనుకుంది. చెర్రీలు పూసి రాలిపోయినా ఆ చలి పోలేదు. అప్పట్నుంచి ఎడమ చేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని పని చేస్తోంది. ఎవరైనా అడిగితే బెణికిందని చెప్పేది. అయినా రెండు కాయిల్స్ తిరిగొచ్చాయి. కొట్టు ఓనరు ప్యో చాంగ్సు తీగే నాసిదనుకుని, అమ్మినవాణ్ణి నిలబెట్టి దులిపేశాడు. బున్నం తల దించుకుని టీ తాగింది. ఆ కుర్చీ పోతే తనకింకేం మిగులుతుందో ఆవిడకి తెలియదు. అందుకే నోరు కుట్టేసుకుంది.

చాంగ్సు పాకే వయసులో వాణ్ణి ఎత్తుకుని తిప్పింది ఆవిడే. ఇప్పుడు బేరం వచ్చినప్పుడు "ఓనరుగారూ" అంటుంది, లేనప్పుడు "ఒరే" అంటుంది. వాడు మాత్రం ఎప్పుడూ "అక్కా, మీరు" అనే అంటాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఊ సంగ్యు అనే గిటారు వాయించే మనిషి కొట్లోకి వచ్చాడు. ముప్ఫై దాటిన వయసు, రెండు రోజుల గడ్డం. తన అమెరికా గిటారు బల్ల మీద పెట్టి దాని తీగల కింద ఉన్న నల్లటి పెట్టెను చూపించాడు. దాన్నే పికప్ అంటారు. తీగ ఊపును పట్టి స్పీకరుకు అందించేది అదే. అది చచ్చిపోయింది. అమెరికన్ సైన్యం క్లబ్బుల్లో వాయించే బృందాలకి నాలుగు రోజుల్లో పరీక్ష ఉంది. ఊరంతా తిరిగినా అలాంటి పెట్టె దొరకలేదట.

చాంగ్సు దాన్ని విప్పాడు. లోపల వెంట్రుక కంటే సన్నని తీగ, అడ్డదిడ్డంగా చుట్టి ఉంది. బున్నం ముక్కు విరిచింది.

"ఎవరో నిద్దర్లో చుట్టినట్టున్నారు. సముద్రాలు దాటి వచ్చింది ఇదా?"

"పిన్నిగారూ, ఇది బతికున్నప్పుడు మీరు వినలేదు," అన్నాడు సంగ్యు.

"చచ్చింది కదా మరి. నేను చుడితే చావదు."

మాట జారాక గానీ ఆవిడకి చెయ్యి గుర్తుకు రాలేదు.

మర్నాడంతా ముగ్గురూ సామాన్ల వేటలో పడ్డారు. అయస్కాంతం ముందు దొరికింది. పెద్ద స్పీకరులోంచి ఊడదీసింది, బల్ల మీది స్క్రూలన్నీ దాని మీదికి దూకాయి. సంగ్యు దాన్ని గిటారు తీగల కిందికి చేర్చి మీటి చూసి తల అడ్డంగా ఊపాడు.

"మరీ మొండిది. తీగను పట్టేసుకుంటోంది, ఊగనివ్వడం లేదు."

సైన్యం పారేసిన ఫీల్డు టెలిఫోన్లోని అయస్కాంతం నచ్చింది. ముసలిది, సగం బలం పోయింది. తీగను చూస్తుంది గానీ చెయ్యి పట్టుకోదు. ఆరు తీగల కిందికి ఆరు స్క్రూలు కావాలి. మెరిసేవి అయస్కాంతానికి అంటుకోలేదు. పక్క బజారు కుట్టుమిషన్లవాడి డబ్బాలో తుప్పు రంగువి దొరికాయి, టక్కున అతుక్కున్నాయి. పాత కరెంటు మీటరు కాయిల్ విప్పితే తీగ వచ్చింది. ఏ పరికరమూ లేకుండా బున్నం దాన్ని కింది పెదవి మీద లాగి చూసింది. వేళ్ళకి తెలియని సన్నం పెదవికి తెలుస్తుంది.

"ఇదే. ఆ చచ్చినదాని తీగా ఇదీ ఒకటే. రెండు సార్లు చుట్టేంత ఉంది, అంతే."

ఎర్ర ఫైబరు అట్ట కోసి చట్రం చేసింది. రామ్యన్ నూడుల్స్ వండుకునే పసుపు గిన్నెలో కొవ్వొత్తులు కరిగించింది. లోపలి చుట్లు కదలకుండా మైనం తాగించాలి. ఆ మైనం వాసన వారం దాకా రామ్యన్‌లో వచ్చిందని చాంగ్సు ఇప్పటికీ దెప్పుతాడు.

మూడో రోజు పొద్దున ఆవిడ మణికట్టు బిగపట్టి ఎనిమిది వేల చుట్లు చుట్టింది. చెమటలు కారిపోయాయి గానీ ఒక్క చుట్టు పక్కకి పోలేదు. బిగించి, తీగలు కలిపి, చాంగ్సు ఆంప్లిఫయరు మీట నొక్కాడు. సంగ్యు ఒక్క తీగ మీటాడు.

బున్నం వంగి చూసింది. తీగకీ స్క్రూకీ మధ్య అగ్గిపుల్ల దూరేంత ఖాళీ ఉంది. ఏదీ దేన్నీ ముట్టుకోలేదు. అయినా తను చుట్టిన రాగి ఆ ఊపును పట్టుకుని, గది అవతల పెట్టెలోంచి పలికించింది. ఇన్నేళ్ళూ కాయిల్ నోరు నొక్కడమే తన పనని అనుకుంది. దానికి గొంతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

సంగ్యు మాత్రం మొహం వేలాడేశాడు. "దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది పిన్నిగారూ. పై గొంతు లేదు."

"స్క్రూలన్నీ పలుకుతున్నాయో లేదో కొట్టి చూడండి అక్కా," అన్నాడు చాంగ్సు పట్టుకారు అందిస్తూ.

ఆవిడ ఏ ధ్యాసలో ఉందో, కుడి చెయ్యి చాచి అందుకుంది. మణికట్టు పట్టుకోవడం మరిచిపోయింది. పట్టుకారు కొస స్క్రూను తాకగానే స్పీకరులోంచి టకటకటకటక మంటూ మోత. ఆవిడ కొట్టడం లేదు. ఊరికే ఆనించింది, అంతే. నాలుగు నెలలుగా దాచిన వణుకు కొట్టంతా వినబడింది, వీధిలో పోయేవాడు కూడా ఆగి చూశాడు.

చాంగ్సు గబుక్కున మీట ఆపేశాడు. ఆ చేతికేసి చూశాడు.

"ఎప్పట్నుంచి అక్కా?"

"సొల్లాల్ నుంచి."

"నేను ఆ తీగ వ్యాపారిని అన్నేసి మాటలన్నాను."

"అన్నావు. నేను విన్నాను."

చాంగ్సు వెళ్ళి ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు, రెండోది తనే చుడతానని. ఆ కుర్చీలో ఇంకో మనిషి కూర్చోవడం బున్నం చూడటం అదే మొదలు. నలభై చుట్లకి తీగ పుటుక్కున తెగింది. మళ్ళీ మొదలెట్టాడు, మళ్ళీ తెగింది.

"లే, ఒరే. ఉన్నదంతా తగలేస్తావు."

ఆవిడ కూర్చుంది. దాచడానికి ఇంకేమీ లేదు గనుక ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. కుడి చెయ్యి దాని ఇష్టం వచ్చినట్టు వణికింది. తీగ తెగలేదు, ఆ వేళ్ళకి ఎంత లాగాలో తెలుసు. ఎక్కడ పడాలో మాత్రం వాటి వశంలో లేదు. చుట్టు మీద చుట్టు ఎక్కింది, అడ్డం తిరిగింది, మధ్యలో ఖాళీలు వదిలింది. అంత అనాకారి పని ఆవిడ పుట్టి ఎరగదు. సిగ్గుతో అది ఎవరికీ కనబడకుండా గబగబా టేపు చుట్టేసి మైనంలో ముంచింది.

సాయంత్రం సంగ్యు మీటాడు.

ఆ స్వరం కిటికీ అద్దాన్ని తాకి తిరిగొచ్చింది. పైన గాజులా పలికింది, కింద ఛాతీలో దిగింది. సంగ్యు అదే తీగ మళ్ళీ మీటాడు, పాటేమీ వాయించలేదు. అతని కళ్ళు చెమర్చాయి, తుడుచుకోలేదు.

"పిన్నిగారూ, ఏం చేశారు?"

"చెడగొట్టాను," అంది బున్నం. నిజమే చెప్పింది.

చాంగ్సు వంగి, చచ్చిన పికప్‌లోని అడ్డదిడ్డం తీగను వెలుగులోకి ఎత్తి చూశాడు. తర్వాత ఆవిడ చేతిని చూశాడు. మర్యాద మనిషి గనుక నవ్వు ఆపుకున్నాడు.

"నిద్దర్లో చుట్టింది కాదక్కా ఇది. తీగలు మరీ ఒత్తుకుని కూర్చుంటే పై గొంతును మింగేస్తున్నాయి. ఖాళీ ఉంటే వదిలేస్తున్నాయి."

"నాకిప్పుడు చెబుతున్నావా?"

"మా బృందంలో ఇంకో గిటారు ఉంది," అన్నాడు సంగ్యు. "అచ్చం ఇలాంటిదే ఇంకొకటి చుడతారా?"

"అచ్చం ఇలాంటిదే అంటే నా వల్ల కాదు. ఇంకో పాత మీటరు తెండి, ఇంకొకటి చుడతాను."

చాంగ్సు తన నోటు పుస్తకంలో ఏదో రాసుకుని, ఆవిడ కుర్చీ మీది దిండు దులిపి సర్దాడు. ట్రాన్స్‌ఫార్మర్ పని తను నేర్చుకుంటానన్నాడు, తప్పులుంటే తిట్టమన్నాడు.

బున్నం పట్టుకారు తీసుకుంది. మణికట్టు పట్టుకోలేదు. దాని కొస స్క్రూ మీద ఆనించింది. స్పీకరులోంచి టకటకమని ఆవిడ చెయ్యి మోగింది, ఇందాకటి కంటే స్పష్టంగా. ఆవిడ తల వంచి, తన చేతిని తనే మొదటిసారి చెవిపెట్టి విన్నది.

చాంగ్సు మీట పక్కనే ఉన్నాడు. ఈసారి ఆపలేదు.