పద్నాలుగు మిల్లీమీటర్లు

జూన్ రెండో వారం, ఉదయం అయిదూ నలభైకి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సు దిగాను. నల్ల ట్రంకుపెట్టె ఒకటి, పరుపుచుట్ట ఒకటి. రాత్రంతా వాన పడి వెలిసింది. రోడ్డు మీద మోకాలి లోతు గుంటలు. డివైడర్ పొడవునా ఉద్యమం ఫ్లెక్సీలు తడిసి వేలాడుతున్నాయి. రెండేళ్లు మంచుకొండల్లో పోస్టు కాసి వచ్చినవాణ్ని. ఇది శాంతి పోస్టింగ్ అన్నారు. మా ఊరు నల్లగొండ ఇక్కడికి రెండున్నర గంటలే. అదృష్టం అనుకున్నాను.

ఇప్పుడు మా వీధిలో అందరూ మంచుకొండల గురించే అడుగుతారు. అక్కడ నేను సిగ్గుపడాల్సింది ఏమీ జరగలేదు. తలుచుకుంటే నోట్లో చేదు ఊరే డ్యూటీ ఇదిగో, ఈ ఎల్‌బీ నగర్‌లో చేసిందే.

యూనిట్ పేరు చెప్పను. కాలేజీ పిల్లలకు డ్రిల్లు, రైఫిల్ నేర్పే యూనిట్. ఆఫీసు కొత్తపేటలో, పండ్ల మార్కెట్ వెనక సందులో, రెండంతస్తుల కిరాయి ఇల్లు. కిటికీ తెరిస్తే కుళ్లిన బత్తాయిల వాసన. ఫైరింగ్ రేంజ్ ఎల్‌బీ నగర్ దాటాక, హైవేకి ఎడమ పక్క, ఒక కాలేజీ స్థలం వెనక. యాభై మీటర్లు. ఆరుగురు పడుకుని కాల్చే చోటు. చివర పన్నెండడుగుల మట్టికట్ట. గాలి తెలియడానికి రెండు ఎర్రజెండాలు.

నాకిచ్చిన ఆర్డర్ ఒకటే. తొమ్మిది వారాల్లో షూటింగ్ సెలక్షన్ ఉంది, టీమును తయారుచెయ్యి.

టీములో పనికొచ్చే షూటర్ ఒక్కతే. పేరు సంధ్య. డిగ్రీ రెండో ఏడు, చైతన్యపురిలో హాస్టల్. తండ్రి లారీ డ్రైవర్. మొదటి నలుగురిలో నిలిస్తే జాతీయ పోటీకి పంపుతారు. ఆ సర్టిఫికెట్ ఉంటే పోలీసు ఉద్యోగంలో కోటా దొరుకుతుంది. ఆ పిల్ల దాని కోసమే రోజూ నాలుగున్నరకు లేచి వచ్చేది.

యూనిట్‌లో ఆర్మరర్ ఉండేవాడు. ఆయుధాలు బాగుచేసేవాడు. తెనాలి దగ్గర మనిషి. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన తమ్ముడూ అనేవాడు. బయట టీకొట్ల దగ్గర ఆంధ్రా, తెలంగాణ అని మనుషులు చొక్కాలు పట్టుకుంటున్న రోజులు. మేమిద్దరం ఒకే క్యారియర్‌లో తినేవాళ్లం.

జులైలో ఒకరోజు ఆయనే అన్నాడు. "తమ్ముడూ, పిల్ల చెయ్యి బాగుంది. రైఫిల్ బాగుంది. తూటా సంగతే మనం చూడలేదు."

మావి పాయింట్ టూ టూ రైఫిళ్లు. పెద్ద తూటాకు మందు అంటించే మసాలా అడుగున నడిమధ్య ఉంటుంది. దీనికి అడుగు అంచు లోపల చుట్టూ ఉంటుంది. ఫ్యాక్టరీలో ఎలా వచ్చిందో అలా వాడాలి. విప్పి, తూచి, సరిచేసుకోవడం కుదరదు. ఒకే కంపెనీ, ఒకే రంగు డబ్బా, అయినా ఒక విడతలో చేసినవి ఒకలా పోతాయి, ఇంకో విడతవి ఇంకోలా పోతాయి. ఆ విడతనే లాట్ అంటారు. డబ్బా మూత మీద నంబరు ఉంటుంది. ఏ రైఫిల్‌కు ఏ లాట్ నచ్చుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కాల్చి చూడాల్సిందే.

స్టోరులో నాలుగు రకాలు ఉన్నాయి. ఒకటి రోజూ ప్రాక్టీసుకు వాడే మామూలు తూటా. మిగతా మూడూ పోటీలకని తెప్పించిన విదేశీ మ్యాచ్ తూటా, మూడు వేరు వేరు లాట్లు.

మూడు ఉదయాలు పట్టింది. ఆరుంబావు నుంచి ఎనిమిదిన్నర వరకు, గాలి లేవకముందే. సంధ్య రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టాం. లాట్ మార్చినప్పుడల్లా బ్యారెల్ తుడిచి, మొదటి పదిహేను రౌండ్లు ఊరికే కాల్చేవాళ్లం. తూటా మీద పూసిన గ్రీజు బ్యారెల్‌కు పట్టాలి. ఆ తరువాత పదేసి రౌండ్లు, మూడుసార్లు. చిల్లుల గుంపును ఈ అంచు నుంచి ఆ అంచుకు ఆర్మరర్ కాలిపర్‌తో కొలిచేవాడు. నేను రాసేవాణ్ని.

మామూలు తూటా నలభై రెండు మిల్లీమీటర్లు. మొదటి మ్యాచ్ లాట్ ఇరవై ఆరు. రెండోది ముప్పై ఒకటి.

మూడో లాట్ కాల్చిన రోజు బంద్. బండ్లు ఆపకముందే, అయిదింటికే రేంజ్ చేరాం. ఏడున్నరకు గేటు దగ్గర కేకలు. ముప్పై, నలభై మంది కుర్రాళ్లు లోపలికి వచ్చేశారు. చేతుల్లో జెండాలు, కొందరి చేతుల్లో రాళ్లు. తూటాల చప్పుడు రోడ్డు మీదికి వినిపించింది.

ముందున్నవాడు అడిగాడు. "ఎవల మీద కాల్చనీకి నేర్పిస్తున్నరు గీళ్లకు?"

సంధ్య చాప మీద నుంచి లేచింది. "ఎవల మీద గాదన్నా. గీ కాయితం మీద. జూడు, ఒచ్చి జూడు."

అతను టార్గెట్ కాగితం చేతిలోకి తీసుకుని చూశాడు. తరువాత ఆర్మరర్ వైపు తిరిగాడు. "నీదేవూరు పెద్దమనిషి?"

అబద్ధం ఆడొచ్చు. ఆయన ఆడలేదు. "తెనాలి పక్కనండి."

ఆ 'అండి'కి వెనక గుంపు కదిలింది. నేను మధ్యలోకి వెళ్లాను. "గాయన మావోడు. నాది నల్లగొండ. ఏమన్నుంటే నన్నడుగురి."

ముందున్నవాడు కాగితం సంధ్య చేతికిచ్చి గుంపును వెనక్కి తిప్పాడు. వెళ్లిపోయారు. ఆర్మరర్ సీసాడు నీళ్లు తాగాడు. "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది తమ్ముడూ," అన్నాడు. వెళ్లి కాలిపర్ తీసుకున్నాడు. చిల్లులన్నీ ఒకే చిల్లులా ఉన్నాయి. పావలా బిళ్లతో కప్పెయ్యొచ్చు. రెండుసార్లు కొలిచాడు.

"పద్నాలుగు," అన్నాడు.

ఆ లాట్‌లో పరీక్షకు వాడినవి పోను పదహారు డబ్బాలు మిగిలాయి. డబ్బాకు యాభై. ఆయన ఒక్కో డబ్బాకు టేపు వేసి పెన్సిల్‌తో సంధ్య పేరు రాశాడు. స్టోరులో పెట్టించాం. స్టోరు తాళం సుబేదార్ సాబ్ దగ్గర ఉండేది. ఆయన మా పైవాడు, మా తెలంగాణ మనిషే.

సెలక్షన్‌కు మూడు రోజుల ముందు, సోమవారం, ఆర్మరర్ రైఫిల్ బోల్టు తీసి వాసన చూశాడు. "ఎవరో తుడిచారు తమ్ముడూ. ఇది నేను వాడే నూనె కాదు."

"ఎవలన్న తుడిచి ఉంటరు లే అన్నా," అన్నాను. నేను పట్టించుకోలేదు.

సెలక్షన్ గురువారం. ఉదయం ఎనిమిది. మబ్బు. అరవై రౌండ్లు, పదేసి చొప్పున ఆరు వరసలు. మ్యాచ్ తూటాతో సంధ్య ఎప్పుడూ పది రౌండ్లకు, అంటే వందకు, తొంభై ఏడుకు తగ్గేది కాదు. మొదటి వరస ఎనభై తొమ్మిది వచ్చింది.

నేను వెనక నుంచి వంగి డబ్బాలోని తూటా ఒకటి తీసుకున్నాను. రెండు వేళ్ల మధ్య రుద్దాను. మ్యాచ్ తూటాకు మైనంలాంటి జిడ్డు ఉంటుంది. ఇది పొడిగా ఉంది. అడుగున ముద్ర ప్రాక్టీసు తూటాది. ఇంకో డబ్బా తెరిచాను. అదే. మూత మీద సంధ్య పేరు ఉంది, లోపల సరుకు వేరు.

చెయ్యి ఎత్తితే కాల్పులు ఆపుతారు. అభ్యంతరం చెప్పొచ్చు. నా వెనక సుబేదార్ సాబ్ నిలబడి ఉన్నాడు. "నడువనియ్," అన్నాడు మెల్లగా. నేను వెనక్కి జరిగాను.

సంధ్య అయిదోది అయింది. మూడు పాయింట్లు తక్కువ. రైఫిల్ సంచిలో పెడుతూ అడిగింది. "ఉస్తాద్, నా తప్పా, రైఫిల్ తప్పా?"

"గాలి," అన్నాను.

ఆ పిల్ల మట్టికట్ట వైపు చూసింది. "గాలి లేదు గద ఉస్తాద్. జెండా కదల్లే."

ఆ సాయంత్రమే సుబేదార్ సాబ్ నన్ను పిలిచాడు. ఆదివారం అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర తనకు తెలిసిన ఒకాయన ఫాంహౌస్‌లో దావత్ జరిగిందట. నాలుగు రైఫిళ్లు, పదహారు డబ్బాల తూటాలు తనే తీసుకుపోయాడు, ఖాళీ అయిన డబ్బాల్లో ప్రాక్టీసు తూటా నింపి పెట్టాడు. ఫాంహౌస్ ఆయన భూములు అమ్మి పెద్దవాడైనవాడు. చౌరస్తా ఫ్లెక్సీల్లో పిడికిలెత్తి నిలబడినవాళ్లలో ఆయనొకడు.

"పెద్దోళ్లు అడిగిన్రు, కాదంటమా? తూటాలు కాల్చినయ్ కాల్చినట్టే. ఖాళీ ఖోకాలు లెక్క జెప్పాలె గద. పొద్దుగాల పోయి ఏరుకొని రా."

కాల్చిన ప్రతి తూటాకు ఖాళీ గొట్టం తిరిగి అప్పజెప్పాలి. ఫౌజులో అది నియమం. శుక్రవారం ఏడింటికి వెళ్లాను. లాన్ మీద మోకాళ్ల మీద కూర్చుని ఏరాను. కోడి ఎముకలు, పగిలిన సీసాలు, నానిన సిగరెట్ పీకలు. ఈగలు ముఖం మీద ముసురుతున్నాయి. అయిదు రోజుల కిందటి కూర గడ్డిలో పురుగు పట్టి ఉంది. దాని కింద కూడా ఖోకాలు ఉన్నాయి. వేళ్లతో తీశాను. అవతల నీటిగుంటలో మూడు తెల్లకొంగలు ఉబ్బి తేలుతున్నాయి. ఒక్కో దానికి ఒక్కటే చిల్లు.

ఫాంహౌస్ ఆయన వరండాలో టీ తాగుతున్నాడు. "ఏం గురి అన్నా గీ తూటాలకు! సీసా మూత అంటే మూతకే తల్గుతున్నయ్. ఏడ దొరుకుతయ్ గివి?"

"స్టోరుల ఉంటయ్ సార్," అన్నాను. నేనే అన్నాను ఆ మాట. సార్ అని కూడా అన్నాను.

మధ్యాహ్నం దాకా ఏరితే ఏడు వందల నలభై రెండు దొరికాయి. మిగిలినవి పాత ఖోకాల సంచిలోంచి కలిపారు. ఎనిమిది వందలూ టీము ప్రాక్టీసులో ఖర్చయ్యాయని రిజిస్టర్‌లో రాశారు. నా సంతకం కావాలన్నారు. ఆర్మరర్‌ది కూడా.

ఆర్మరర్ పెట్టనన్నాడు. సంతకం బదులు కమాండింగ్ ఆఫీసర్‌కు కాగితం రాశాడు. ఏ లాట్, ఎన్ని డబ్బాలు, టేపు ఎప్పుడు వేశాడు, అంతా.

సోమవారం పదింటికి ముగ్గురినీ పిలిచారు. ఆఫీసర్ ఉత్తరాది మనిషి. సుబేదార్ సాబ్ హిందీలో చెప్పాడు. రైఫిళ్లు చూసేది ఆర్మరర్ అని, డబ్బాలకు టేపు వేసింది కూడా ఆయనేనని, మార్చిందీ ఆయనే అయ్యుంటాడని, ఆయన ఆంధ్రావాడని, తెలంగాణ పిల్ల గెలవడం ఇష్టం లేదని. తరువాత నా వైపు తిరిగి తెలుగులో ఒక్క ముక్క అన్నాడు. "నువ్వు మనోనివి. జెప్పు."

ఆఫీసర్ నన్ను అడిగాడు. నీకేం తెలుసు?

నాకు పెన్షన్‌కు మూడేళ్లు ఉంది. నా రిపోర్టు రాసేది సుబేదార్ సాబ్. ఇది కారణం అని చెబుతున్నాను, సాకు అని కాదు.

"మాలూమ్ నహీ సాబ్," అన్నాను.

రిజిస్టర్‌లో సంతకం పెట్టాను. ఆర్మరర్‌కు ఇరవై ఆరేళ్ల సర్వీసులో లేని మచ్చ వేసి, పది రోజుల్లో దూరపు డిపోకు పంపేశారు. వెళ్లేరోజు ఆఫీసులో అందరికీ చెయ్యి కలిపాడు. నాకు కూడా కలిపాడు. సంధ్య పరేడ్‌కు రావడం మానేసింది. హాస్టల్‌కు వెళ్లి నిజం చెప్పాలని ఒకసారి చైతన్యపురి దాకా వెళ్లాను. ఎదుటి ఫుట్‌పాత్ మీద కాసేపు నిలబడి తిరిగి వచ్చాను.

నా మూడేళ్లు పూర్తయ్యాయి. పెన్షన్ వచ్చింది. రాష్ట్రం కూడా వచ్చింది. ఆ రోజు కొత్తపేట రోడ్డు మీద నేనూ రంగు చల్లుకున్నాను. ఆ సంతోషం నిజమే. గేటు తోసుకుని వచ్చిన ఆ కుర్రాళ్లు అడిగి, చూసి, వెళ్లిపోయారు. వాళ్ల పోరాటాన్ని అడ్డం పెట్టుకుని ఒక మనిషిని తోసేసింది మేము, యూనిఫాం వేసుకున్నవాళ్లం.

పెట్టె, పరుపుచుట్టతో ఊరికి వచ్చాను. ఊళ్లో దండ వేశారు. మంచు గురించి అడిగారు, చెప్పాను. ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.

కానీ కళ్లు మూసుకుంటే మంచు రాదు. ఆ ఆఫీసు గది వస్తుంది. ఆఫీసర్ నన్ను అడిగిన తరువాత, నేను నోరు తెరవడానికి ముందు, ఒక్క క్షణం. ఆర్మరర్ సుబేదార్ వైపు చూడటం లేదు, ఆఫీసర్ వైపూ చూడటం లేదు. నా వైపు చూస్తున్నాడు. ఆయన ముఖంలో భయం లేదు. భుజాలు వదులుగా దించాడు, గండం గడిచినట్టు. ఇక తమ్ముడు చెబుతాడులే అని, చిన్నగా నవ్వుతున్నాడు.