మా పేపరులో పడిన వాన

గార్లదిన్నె దగ్గర మా ఊళ్లో ఒక ఇంటికి ఏ పేపరు వస్తుందో తెలిస్తే చాలు, ఆ ఇంటివాళ్లు ఎవరికి ఓటేస్తారో అడగనక్కర్లేదు. మా నాయనది అధికారంలో ఉన్న పార్టీ, చిన్నాయనది ఎదుటి పార్టీ. రెండిళ్లకూ గోడ ఒకటే, అరుగు ఒకటే. పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ ఆ అరుగు మీద కూర్చుని, ఎవరి పేపరు వాళ్లు ముఖానికి అడ్డం పెట్టుకుని వాదించుకునేవాళ్లు. కాఫీ గ్లాసు ఇవ్వాలంటే నేను పేపరు కింద నుంచి చెయ్యి దూర్చాల్సి వచ్చేది.

మా పేపరులో జిల్లా అంతా పచ్చగా ఉండేది. అదే రోజు చిన్నాయన పేపరులో అదే జిల్లా ఎండి నెర్రెలు విచ్చేది. ఒకసారి అనంతపురంలో మీటింగు జరిగితే నాయన లారీ ఎక్కి వెళ్లొచ్చాడు. రాత్రి అన్నం తింటూ "జనం పల్సగా వచ్చినారు, ఎండ ఎక్కువైపాయ" అని తన నోటితోనే చెప్పాడు. మర్నాడు మా పేపరులో 'జనసంద్రం' అని వచ్చింది. అంతే, మాట మార్చేశాడు. "మేము ముందర కూచోనుంటిమి. ఎనకాల ఎంతమంది ఉండారో మాకేం తెలుసు" అన్నాడు. కళ్ల కంటే ఆయనకు పేపరు మీదే గురి. చిన్నాయన ఇంకో రకం. ఆయన ఆ మీటింగుకు పోనే లేదు, అయినా ఖాళీ కుర్చీలు ఏ మూల ఎన్ని ఉన్నాయో పూసగుచ్చినట్టు చెప్పాడు.

రెండు వేల సంవత్సరం దాటాక, వరుసగా కరువొచ్చిన రోజుల్లో ప్రభుత్వం మేఘమథనం మొదలుపెట్టింది. విమానం మబ్బుల్లోకి పోయి ఏదో మందు చల్లితే వాన పడుతుందన్నారు. దాంతో మా అరుగు మీద వాన కూడా పార్టీల్లో చేరిపోయింది. రాత్రి ఎక్కడైనా నాలుగు చినుకులు పడితే నాయన లెక్కలో అది విమానం గొప్పదనం, చిన్నాయన లెక్కలో అసలది వానే కాదు.

మా సేద్యమంతా ముదిగుబ్బ దగ్గర, అమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చిన చేనులో. అక్కడ మామ ఎద్దులూ విత్తనం వేసే గొర్రూ సిద్ధంగా ఉంచేవాడు. వాన పడి నేల పదునైందని తెలియగానే నాయన ఇక్కడి నుంచి విత్తనం తీసుకుపోయేవాడు. ఆ ఏడు ఎండలో క్యూలో నిలబడి సర్కారు దగ్గర తెచ్చుకున్న విత్తనం శెనక్కాయలను అమ్మా నేనూ బొటనవేళ్లు వాచేదాకా ఒలిచి మూటలు కట్టాం. వాటిని పొడి నేలలో వేస్తే అంతే సంగతులు. ఆ సంవత్సరానికి మళ్లీ విత్తనం దొరకదు, తిండిగింజలూ ఉండవు.

ఒకరోజు మా పేపరులో పెద్ద అక్షరాలతో వచ్చింది: 'ముదిగుబ్బలో జోరు వాన, ఫలించిన మేఘమథనం'. చిన్నాయన తన పేపరు పైకెత్తి చదివాడు: 'విమానం వచ్చె, చుక్క రాలకపాయె'.

నాయన అప్పుడే మూటలు బయటికి లాగుతున్నాడు.

"మా యన్నకు ఒక ఫోన్ కొట్టి పోరాదా?" అంది అమ్మ.

"పేపర్లో ఏసినాక ఫోనెందుకు?" అని కసిరాడు నాయన.

"గొడుగు తీసుకోని పో అన్నా, తడుస్తావు" అన్నాడు చిన్నాయన.

నాయన బస్సు టాపు మీద మూటలు వేయించుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజులైనా కబురు లేదు. అమ్మ పోరు పడలేక చిన్నాయన గార్లదిన్నెలో ఎస్టీడీ బూతుకు పోయి, ముదిగుబ్బలో మామకు తెలిసిన బూతుకు ఫోన్ చేశాడు. మామ చేనికాడికి పోయినాడని అక్కడి మనిషి చెప్పాడు. "సరేప్పా, ఆడ వాన పడిందా లేదా, అదన్నా చెప్పు" అంటే, ఆ మనిషి "యా పేపరు తెప్పిస్తారన్నా మీరు?" అని అడిగాడట. చిన్నాయన అతణ్ని తిట్టుకుంటూ ఇల్లు చేరాడు.

మర్నాడు పొద్దున నాయన రెండు పేపర్లలోనూ వచ్చాడు.

మా పేపరులో ఆయన గొర్రు వెనక నడుస్తూ విత్తనం వేస్తున్నాడు. గట్టు మీద తెల్లచొక్కాల పార్టీవాళ్లు నలుగురు నవ్వుతూ నిలబడ్డారు. కింద 'ముమ్మరంగా విత్తనం' అని ఉంది. చిన్నాయన పేపరులో అదే నాయన, అదే చొక్కా, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. పక్కన మూటలు. కింద 'వానేదీ? మూటల్లోనే విత్తనం' అని ఉంది.

అమ్మకు చదువు రాదు. రెండు ఫోటోలనూ నేల మీద పరిచి, నాతో ప్రతి అక్షరమూ చదివించింది.

"ఇంతకీ ఇత్తినాడా, ఇత్తలేదా?"

"వాన పడి ఇత్తింటే మంచిదే గదమ్మా" అన్నాను.

చిన్నాయన మా పేపరును దగ్గరికి లాక్కుని చూశాడు. "వాన యాడ పడింది పాపా? గొర్రు ఎనక దుమ్ము ఎట్ల లేస్తాండాదో సూడు." అమ్మ ముఖం మాడిపోయింది. అది చూసి ఆయనే సర్దిచెప్పాడు. "ఫోటో కోసరం ఒక సాలు నడిపించింటారు లే వదినా. ఉత్త దుమ్ములో ఇత్తేకి మా యన్న అంత తిక్కోడా?"

అమ్మ దేవుడి పటం ముందు దీపం పెట్టి, మా పేపరు అబద్ధం కావాలని మొక్కుకుంది. మా ఇంట్లో అలాంటి మొక్కు అదే మొదలు. నేను కూడా గట్టిగా అదే కోరుకున్నాను. చిన్నాయనైతే పొద్దంతా బస్సు వచ్చే దారి వైపే చూస్తూ కూర్చున్నాడు, మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు.

సాయంత్రం బస్సులో నాయన దిగాడు. ఖాళీ సంచులు మడత పెట్టి చంకలో పెట్టుకున్నాడు. మా పేపరు నిజమే రాసింది.

"పదునుండెనా అన్నా?" అన్నాడు చిన్నాయన.

"యాడిది, దుమ్ము."

"మళ్ల ఎందుకు ఇత్తినావు?"

నాయన అరుగు మీద కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు. పోయేసరికి చేను పొడిగా ఉందట. మూటలు దింపుకుని, రెండు రోజులు మబ్బు కోసం చూస్తూ ఉండిపోయాడట. చిన్నాయన పేపరు ఫోటో అప్పటిది. ఆ తర్వాత పార్టీవాళ్లు మా పేపరు విలేకరిని వెంటబెట్టుకుని వచ్చారట. వాన పడిందని మన పేపర్లో వచ్చినాక నువ్వే ఇత్తకపోతే ఇంకెవరు ఇత్తుతారన్నా అని అడిగారట.

"మనోళ్లు నలుగురూ నిలబడి చూస్తాంటే, వాన పడలేదని ఎట్ల చెప్పేది? మన పేపర్ను నేనే అబద్ధం చేసినట్ల గాదా?" అన్నాడు. "ఫోటో తీసుకోని వాళ్లు పోయినారు. సగంలో నిలిపితే మళ్లీ వచ్చి అడుగుతారని మొత్తం ఇత్తేసినా."

అమ్మ సంచులు అందుకుని లోపలికి పోయి ఏడ్చింది. చీమలకూ ఉడతలకూ వేసొచ్చినట్టేనని అందరికీ తెలుసు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పేపరునూ, అందులో నవ్వుతున్న నలుగురినీ పొయ్యిలో పెట్టాలనిపించింది. చిన్నాయన ఇక ఎత్తిపొడుస్తాడు, ఇలాంటి అవకాశం ఆయనకు జన్మలో రాదు అనుకున్నాను. ఆయన మాత్రం తన పేపరును మడిచి తొడ కింద పెట్టుకున్నాడు.

"మా పేపర్లో వచ్చింటే నేనూ ఇత్తింటా లేన్నా" అన్నాడు.