వెండెల్ గెలిచిన రోజు

లాస్ వేగస్‌లో ఇరవై రెండేళ్లుగా పేకాటే వెండెల్ ప్రూయిట్ ఉద్యోగం. పొద్దున పదిన్నరకల్లా క్యాసినోలో ఉంటాడు. కుడి మోకాలు మడతపడదు కనుక ఆ కాలు పక్క కుర్చీ కిందికి చాపి కూర్చుంటాడు. ఆటగాళ్లకు ఉచితంగా ఇచ్చే కాఫీతోనే పూట గడుపుతాడు. పందెంలో పెట్టే డబ్బు అతనిది కాదు, స్టబ్స్ అనే ఆసామిది. గెలిస్తే ముందు స్టబ్స్ పాత నష్టమంతా తీరాలి, మిగిలిందే చెరిసగం. నిన్న మధ్యాహ్నం టోర్నమెంటులో వెండెల్ నలభై వేల డాలర్లు గెలిచాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. భార్య డోరీన్ ఫోన్ చేసింది.

"మోకాలి ఆపరేషన్‌కి రోజు రాయించెయ్యనా?"

"ఆగవే. నా చేతికొచ్చేది వెయ్యి."

"నలభై వేలకి వెయ్యా!"

"పాత నష్టం ముప్పై ఎనిమిది వేలు. ఇక స్టబ్స్‌కి దమ్మిడీ బాకీ లేను."

"అయితే ఇంటికొచ్చెయ్. మా అన్న కొట్లో పని ఇంకా ఉంది. ఆపరేషన్ ఖర్చు పనివాళ్లకిచ్చే బీమాలో పోతుంది."

"సరే, వస్తా," అన్నాడు వెండెల్, నిజంగానే.

అంతలో స్టబ్స్ వచ్చి భుజం తట్టాడు. "మొనగాడివిరా! రేపటి ఆటకి ప్రవేశ రుసుము వెయ్యి డాలర్లు. కట్టెయ్యనా?"

వెండెల్ మోకాలు నిమురుకున్నాడు.

"వద్దు," అన్నాడు. "ఈసారి నా డబ్బుతోనే ఆడతా."