నా రక్తమే నా దవడకు అతుకు

వల బాగుచేస్తూ నైలాన్ దారం పంటితో కొరికాను. కింది కోరపన్ను కదిలింది. నొప్పి లేదు. మా పులికాట్ సరస్సు ఒడ్డున ఆడవాళ్ల చేతులు రెండూ వలమీదే ఉంటాయి, పళ్లే మాకు కత్తెర. బీఏ చదివినా నాదీ అదే అలవాటు. ఆ పన్ను పోతే నా పని సగం పోయినట్టే.

నాయుడుపేటలో పళ్ల డాక్టరు ఎక్స్‌రే తీసి, నాకు చూపకుండానే "పీకేద్దామమ్మా" అన్నాడు.

"ఎందుకో చెప్పండి, పీకడం తర్వాత."

"బోన్ లాస్, ఎముక అరిగిపోయింది. ఈ వయసులో ఇంకేం చేస్తాం?"

"నా వయసు గురించి అడగలేదు నేను" అని లేచి వచ్చేశాను.

నెల్లూరులో ఇంకొకరికి చూపిస్తానంటే ఇంట్లో మా ఆయన మొదలుపెట్టాడు. "ఏంది మే, ఒక్క పంటికోసం నెల్లూరు దాకా పోతావా? పీకించేస్తే పోయె కదా!"

"పడవకు చిల్లు పడితే పడవను తగలబెట్టినావా నువ్వు?"

మర్నాడు నాతో బస్సెక్కాడు.

నెల్లూరులో పెరియోడాంటిస్టు, అంటే చిగుళ్ల డాక్టరమ్మ, తెరమీద ఎక్స్‌రే చూపించింది. పన్ను పక్కన ఎముక గుంటలా దిగిపోయి ఉంది. షుగర్ టెస్టు చేయించి, పళ్ల గార గీకే స్కేలింగ్, పంటివేళ్లు నున్నచేసే రూట్ ప్లేనింగ్ చేసింది. చిగుళ్లలో రక్తం కారడం ఆగింది, గుంట మాత్రం అలాగే ఉంది.

"చిగుళ్లు విప్పి ఫ్లాప్ సర్జరీ చేసి, గుంటలో బోన్ గ్రాఫ్ట్, అంటే ఎముకపొడి పెడదాం. దానిపైన మీ రక్తంతోనే చేసిన పీఆర్‌ఎఫ్ మెంబ్రేన్ అనే పొర కప్పుతాను. గ్యారంటీ మాత్రం ఇవ్వలేను."

"ఇచ్చుంటే ఇక్కణ్ణించీ లేచి వెళ్లిపోయేదాన్ని."

ఆవిడ నవ్వింది.

చేతినుంచి గొట్టాల్లోకి రక్తం తీసి సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిర్రున తిప్పారు. గొట్టం మధ్యలో పసుపుపచ్చటి జిగురుముద్ద తేలింది. దాన్ని అదిమితే పల్చటి పొర. నా ఒంట్లో ఇంత సరుకుందా అనుకున్నాను. మత్తుసూది వేసి, చిగుళ్లు విప్పి, గుంటలో ఎముకపొడి నింపి, దానిమీద ఆ పొర పరిచి కుట్లు వేసింది.

కుట్లు విప్పకముందే వల ముందు కూర్చున్నాను. మాటల్లోపడి దారం నోట్లో పెట్టుకుని కొరికేశాను. ఒక కుట్టు ఊడింది, దవడ ఉబ్బింది.

మా ఆడబిడ్డకు ఒకటే సంబరం. "చెప్పినా కదా వదినా, పీకించుకోమని!"

"నా నోట్లో పన్నుంటే నీకేం బరువు?" అన్నాను, ఉబ్బిన మూతితోనే.

డాక్టరమ్మ కుట్టు మళ్లీ వేసింది. "గ్రాఫ్ట్ కొంత పోయింది. మిగిలింది నిలవాలంటే నోట్లో దారం పెట్టకండి."

"మాట్లాడొచ్చా?"

"అది ఆపడం నా వల్ల కాదు."

నెలలు గడిచాక ఎక్స్‌రేలో గుంట అడుగున తెల్లగా ఎముక కనబడింది. పూర్తిగా నిండలేదు. అయినా పన్ను గట్టిపడింది. ఇప్పుడు చిగుళ్లు శుభ్రం చేయించుకోవడానికి క్రమం తప్పకుండా నెల్లూరు వెళ్తున్నాను. ఎండుచేప కూడా నములుతున్నాను. ఈ పద్ధతి అందరికీ పనికిరాదని డాక్టరమ్మే చెప్పింది. మీకు పనికొస్తుందో లేదో మీ ఎముక చూసినవాళ్లే చెప్పాలి.

నేను చెప్పేది ఒక్కటే. పన్ను పీకాలని ఒకరంటే, పీకించుకోకముందే చిగుళ్ల డాక్టరుకు కూడా చూపించండి. పీకేశాక వాదించడానికి నోట్లో ఏమీ మిగలదు.