కత్తి తాకని ఒళ్లు

అమ్మ గర్భసంచికి ఆపరేషన్ చేయాలని కామారెడ్డి డాక్టరమ్మ చెప్పినప్పుడు అమ్మ అక్కడ ఏమీ అడగలేదు. తల ఊపి ఊరుకుంది. ఎల్లారెడ్డి బస్సెక్కి, సీట్లు దొరికి, ఊరు దాటాక నా చెవి దగ్గరికి వంగింది.

"ఆడ ఎవలెవలు జూస్తరే?"

"డాక్టరమ్మ జూస్తది. ఇంకెవలు జూస్తరు?"

"గంతేనా?"

"గంతేనమ్మా. నువ్వు మత్తుల ఉంటవ్, నీకేం తెల్వది."

నాకు తెలిసినంత చెప్పాను. అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగింది. ఆ జవాబు అమ్మకు సరిపోలేదని నాకప్పుడు తట్టలేదు.

మా ఊరు నాగిరెడ్డిపేటకు దగ్గర, పోచారం ప్రాజెక్టు నీళ్లతో వరి పండే పల్లె. అమ్మ పొలంలో దిగితే మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టి మగవాళ్ల మధ్యే నాటు వేస్తుంది. అదే మనిషి ఇంటికొచ్చి స్నానం చేశాక కాలి మడమ కూడా కనిపించనివ్వదు. మమ్మల్ని ముగ్గుర్నీ ఇంట్లోనే కన్నది, మంత్రసాని చేతుల మీద, అదీ దీపం తగ్గించి. ఒంట్లో బాగా లేకపోతే ఆర్ఎంపీ దగ్గరికి పోయి చెయ్యి చాపి సూది వేయించుకుని రావడమే తప్ప ఆస్పత్రిలో పడుకున్న మనిషి కాదు.

శుభ్రం దగ్గర మాత్రం ఆమె ముందు ఎవరి ఆటలూ సాగవు. స్నానం కానిదే పొయ్యి ముట్టదు, ముట్టనివ్వదు. మంగళవారం గాని శుక్రవారం గాని గోళ్లు తీస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. దువ్వెనలో వెంట్రుకలు వదిలేసిన పూట నాకు అన్నంతో పాటు తిట్లు కూడా వడ్డించేది. వీటన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటుంది. ఆడదాని ఒంటికి కత్తి తాకకూడదు. భర్త బతికున్న ఆడదానికైతే అసలే తాకకూడదు. ఎందుకు అంటే "మా అవ్వ జెప్పింది" అనేది. అవ్వకు ఎవరు చెప్పారో అడుగుదామంటే అవ్వ ఎప్పుడో పోయింది.

కత్తి వద్దుగాని బూడిదకు అభ్యంతరం లేదు. అమ్మకు గడ్డం కింద వెంట్రుకలు వచ్చేవి. నాకూ వస్తాయి, పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్నది అదొక్కటే అని మా ఇంట్లో వేళాకోళం. ఎండాకాలం మధ్యాహ్నాలు మా వాడ ఆడవాళ్లు మా ఇంటి ముందు అరుగు, అదే గద్దె, మీద కూర్చుని, పొయ్యిలోంచి మెత్తటి బూడిద తెచ్చుకుని, వేళ్లకు అద్దుకుని, ఒకరి గడ్డం ఒకరు పట్టుకుని వెంట్రుకలు పీకేవాళ్లు. బూడిద ఉంటే వేలు జారదు, వెంట్రుక మొదలుతో సహా వస్తుంది. ఎవరి గడ్డంలో ఎక్కువ వస్తే వాళ్ల మాట మొగుడి దగ్గర చెల్లుతుందని ఒకటే నవ్వులు. అమ్మ వేళ్లు సూటిగా పడతాయని అందరూ అమ్మ ముందే కూర్చునేవాళ్లు.

నేను పెళ్లయి ఎల్లారెడ్డి వచ్చి, ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాక, పార్లరుకు పోవడం మొదలుపెట్టాను. ముందు కనుబొమలు, తర్వాత పై పెదవి, ఆ తర్వాత చేతులు. కాళ్లు కూడా. నేను కట్టేది చీర, నా కాళ్లు చూసేవాళ్లెవరూ లేరు, అయినా సరే. వేడి మైనం రాసి, గుడ్డ అంటించి చర్రున లాగుతారు. మొదటిసారి చేయించుకుని ఊరికి పోయినప్పుడు అమ్మ నా ముంజేయి నిమిరి చూసింది.

"ఏందే గిది? కోడి బూరు వీకినట్టు వీకించుకున్నవ్? పైసలిచ్చి మరీ ఏడుస్తరా ఎవలన్న?"

నాకు ఒళ్లు మండింది. "నువ్వు బూడిద వెట్టి పీకుడు మంచిగున్నదా మరి?"

"గది గడ్డం. గడ్డం నలుగురికి కనవడ్తది. కనవడని దాన్ని ఎందుకు ముట్టాలె?"

నున్నగా ఉంటే నాకు బాగుంటుంది, అంతే. ఎవరికోసం అని నన్ను నేనే అడుక్కున్నప్పుడల్లా వేరే పని గుర్తొస్తుంది. అమ్మా నేనూ ఆ విషయం మీద మాట్లాడుకున్నది ఆ ఒక్కసారే. తర్వాత ఆమె నా చేతులు చూడటం మానేసింది, నేను ఆమె గడ్డం చూడటం మానేశాను.

ఆపరేషన్ తారీఖు యాసంగి కోతలకూ వానాకాలం నాట్లకూ మధ్య కుదిరింది. నాట్ల నాటికి లేచి తిరగాలన్నది అమ్మ షరతు. అప్పటికే నెలల తరబడి రక్తం పోయి పోయి మనిషి తెల్లగా పాలిపోయింది. సూదులు వేశారు, రక్తం ఎక్కించారు. కాస్త ముఖం తేటపడ్డాక చేర్చుకున్నారు. ఆ సాయంత్రం డాక్టరమ్మ చూడటానికి వచ్చింది. నేను తెర ఇవతల నిలబడ్డాను. లోపల నుంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది.

"ఏం రాసినవమ్మా ఇక్కడ? ఏం వెట్టినవ్?"

డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి చూడమంది. అమ్మ ముఖం గోడకు తిప్పుకుని ఉంది. పొత్తికడుపు కింద చర్మమంతా ఎర్రగా వాచిపోయి ఉంది. సెగ్గడ్డలు. కొన్నింట్లో చీము, కొన్ని పగిలి ఎండినవి. వెంట్రుకలు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి తప్ప లేవు.

"ఇట్లున్న చోట రేపు కోత పెట్టలేను. చీము లోపలికి పోతే ప్రాణం మీదికి వస్తది. ముందు ఇవి మానాలె" అంది డాక్టరమ్మ. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. అమ్మకు ఇచ్చిన మంచం మీద ఇంకొకామెకు దుప్పటి పరుస్తుంటే మేం సంచి తీసుకుని బయటికి వచ్చాం.

వరండాలో నా నోరు ఆగలేదు. "నీకేమన్న పిచ్చి వట్టిందా? ఏం జేసుకున్నవ్ అసలు?"

"చిన్నగ మాట్లాడు. అందరు ఇంటున్నరు."

ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగుతుంటే చెప్పింది. గ్లాసులోకి చూస్తూ చెప్పింది.

"బూడిద."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మా పక్కింటామెకు చాలా ఏళ్ల కింద ఇదే ఆపరేషన్ అయింది. ఆమె చెప్పిందట, ముందు రోజు ఆస్పత్రిలో పనిచేసే ఆయమ్మ వచ్చి, లైటు కింద పడుకోబెట్టి, బ్లేడుతో గీకుతుందని.

"మీ బాపు బతికుండంగ నా ఒంటికి కత్తి ఎట్ల తాకనిస్త? అండ్లనూ ఎవలో తెల్వని మనిషి చేత. మత్తుల డాక్టరమ్మ కోస్తె గది పానం కోసం, గది వేరు. గందుకే నేనే సాపు జేసుకున్న. సాపుగుంటె ఇగ ఎవలు ముట్టే పని ఉండది అనుకున్న."

"ఎప్పుడు జేసినవ్?"

"రోజింత. మీ బాపు పొలంకాడికి వోయినంక, తానం జేసే అర్రల."

"నొవ్వలేదా?"

"నొవ్వదా మరి?" అంది, నేనేదో బుద్ధిలేని ప్రశ్న వేసినట్టు.

నా టీ చల్లారిపోయింది. పార్లరులో మైనం పట్టీ ఒక్కటి లాగితేనే నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంటాను. మా అమ్మ అక్కడ, ఒక్కొక్క వెంట్రుక, వేళ్లతో. దాని గురించి ఇంకా ఆలోచిస్తే ఏడుస్తానని లేచి మందుల చీటీ తేవడానికి ఆస్పత్రిలోకి పోయాను. అమ్మ వెనకే వచ్చింది. అక్కడ నర్సుకు సంగతి తెలిసినట్టుంది. చిన్న పిల్ల, మంచి మాటకారి.

"బ్లేడు ఎవలు వెడ్తున్నరమ్మా ఇప్పుడు? గీసుకుపోతదని ఎప్పుడో బంద్ జేసినం. ఆపరేషన్ పొద్దుగాల మిషన్ తోటి పైపైన కత్తిరిస్తం, గంతే."

అమ్మ చెయ్యి చాపి ఆ పిల్ల చేతిలోని మందుల చీటీ తీసుకుంది.

"గీ ముచ్చట ముందుగాల ఒక్కలన్న జెప్పకపోతిరి" అంది, ఎవరినీ అననట్టుగా.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. పక్కింటామె అబద్ధం చెప్పలేదు, ఆమె కాలంలో అలాగే చేశారు. డాక్టరమ్మకు ఇది చెప్పాల్సినంత విషయం కాదు. అమ్మ ఎవరినైనా అడగాల్సింది, కానీ ఏ మాటతో అడుగుతుంది? ఆ చోటికి మా ఇంట్లో పేరే లేదు. నాకు కూడా అమ్మ ముందు ఆ మాట నోటికి రాదు, ఇంత చదివి కూడా.

బడికి ఇంకా సెలవులే కాబట్టి నేను అమ్మతో ఊరికే పోయాను. బాపు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ ఎందుకు ఆగిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది.

"బీపీ ఎక్కువున్నదట."

బాపు నమ్మాడు. ఆ పూట నుంచి కూరలో ఉప్పు తగ్గించమని నా వెంట పడ్డాడు. అమ్మ ఒక్కతే చప్పిడి తింటే ముద్ద దిగదని తనూ అదే తిన్నాడు. నేను మాత్రం ఏమని ఉప్పు అడగను? ముగ్గురం చప్పిడి పప్పు తిన్నాం. బాపు మధ్యలో "ఇప్పుడెట్లుందే?" అంటే, అమ్మ "తగ్గింది" అనేది. అన్నం పళ్లెంలోకి చూసి నేను నవ్వు ఆపుకునేదాన్ని, ఆ వెంటనే కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

మాత్రలు వేసుకునేది. పూత మందు దగ్గరే వచ్చింది తంటా. అమ్మకు కడుపు అడ్డం, కింద ఎక్కడెక్కడ ఉన్నాయో తనకు కనిపించవు. నేను పూస్తానంటే వినలేదు. స్నానాల గది తలుపు బయట బకెట్ బోర్లేసుకుని నేను కూర్చునేదాన్ని. లోపల నుంచి పళ్లు బిగబట్టిన చప్పుడు వినిపించేది.

"అమ్మా, నన్ను రానీయ్. కండ్లు మూసుకుంట."

"ఆడనే కూసో."

"నేను నీ బిడ్డనే గద."

"గందుకే" అనేది.

అద్దం ఇస్తే తీసుకోలేదు. మందు సగం చర్మానికి, సగం లంగాకు అంటేది. పుండ్లు నెమ్మదిగా మానుతుంటే రక్తం మాత్రం మళ్లీ పోవడం మొదలైంది. ఎక్కించిన రక్తమంతా మెల్లగా కరిగిపోవడం నేను ఆమె పెదవుల్లో చూశాను. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, త్వరగా మానితే మంచిది, అంది. ఆ మాట నాకూ తెలుసు. మానమని చర్మానికి నేనెలా చెప్పను?

సెలవులు అయిపోయి నేను ఎల్లారెడ్డి పోయినా, ఆదివారాలు ఊరికి వచ్చేదాన్ని. వానలు పడ్డాయి, నార్లు ఎదిగాయి. నాట్లకు పోతున్న ఆడవాళ్లు గద్దె ముందు నుంచి పోతూ అమ్మను పలకరించేవాళ్లు. బీపీకి కాకరకాయ మంచిదని ఒకామె కాయలు ఇచ్చిపోయింది. అమ్మ అవి కూడా తిన్నది.

చివరికి డాక్టరమ్మ మళ్లీ తారీఖు ఇచ్చింది. నేను బడికి సెలవు పెట్టి తీసుకుపోయాను. ఈసారి ఆలస్యం చేయడానికి లేదని, ఇప్పటికే రక్తం తక్కువగా ఉందని ముందే చెప్పింది. అమ్మ అన్నిటికీ తల ఊపింది. తెల్లవారి ఆ మాటకారి నర్సే చిన్న మిషన్ పట్టుకుని వచ్చి తెర లాగింది. అమ్మ రెండు చేతులతో దుప్పటి గట్టిగా పట్టుకుంది.

"నువ్వొద్దు బిడ్డా. ఏమనుకోకు."

"ఎవలో ఒకలం జెయ్యాలె గదమ్మా. ఆలస్యమైతే డాక్టరమ్మ నన్ను తిడ్తది."

అమ్మ గోడను చూసింది, తెరను చూసింది, పైన లైటును చూసింది. తప్పించుకునే దారి ఏదీ కనిపించనట్టుంది. ఆఖరికి నన్ను చూసింది.

"ఇది జేస్తది" అంది.

నర్సు నాకు మిషన్ ఎలా పట్టుకోవాలో, చర్మాన్ని ఎటు లాగి పట్టాలో గాలిలోనే చూపించి, చేతి తొడుగులు ఇచ్చి, తెర అవతల నిలబడింది. మిషన్ మూతి దగ్గర సన్నటి ఇనప పళ్లు లైటుకు మెరిశాయి. అమ్మ వాటి వైపు చూడకుండానే అడిగింది.

"దాంట్ల కత్తి లేదు గద?"

"లేదమ్మా. కత్తెర అసొంటిదే."

"మీ బాపుకు ఏం గాదు గద?"

"ఏం గాదు."

అమ్మ దుప్పటి వదిలేసింది. కొంగు తీసి ఒళ్లు కప్పుకోలేదు, తన కళ్లు కప్పుకుంది. పుండ్లు మానిన చోటల్లా నల్లటి మచ్చలు. వాటి మధ్య కొత్తగా వచ్చిన వెంట్రుకలు, సగం తెల్లవి. మీట నొక్కాను. చప్పుడుకు అమ్మ కాళ్లు ఒక్కసారి వణికి, మళ్లీ సర్దుకున్నాయి. ఏ మచ్చ మీద ఆనిస్తే ఎక్కడ నొస్తుందో, ఎక్కడ గీసుకుపోతే మళ్లీ ఈ మంచం ఇంకెవరికో పోతుందో నాకు తెలియడం లేదు.

"అయిపోయిందానే?" అని అడిగింది కొంగు కింద నుంచి.

నేనింకా మొదలే పెట్టలేదు. మిషన్ నా చేతిలో మోగుతోంది, చెయ్యి కదలడం లేదు.

"అయితున్నదమ్మా" అన్నాను.