లైసెన్స్ పోలేదు, కాలింది

బ్రహ్మచారన్నకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. పేరు చూసి నవ్వేవాళ్లు నవ్వుకోండి గానీ, వాళ్లది తరతరాల వడ్రంగుల ఇల్లు, పేరు చివర చారి ఉండాల్సిందే. సీతాఫల్‌మండిలో నా జిరాక్స్ షాపు వెనక సందులో ఉంటాడు. తిరుమలగిరిలో ఒక ప్రైవేటు స్కూలుకు ఇరవై రెండేళ్లు బస్సు నడిపాడు. నడుపుతున్నాడు అని రాయలేకపోతున్నందుకే నాకీ కడుపుమంట.

మా అమ్మాయి అక్సా పదో తరగతి దాకా ఆ బస్సులోనే వెళ్లొచ్చింది. దిగే చోట ఇంటి మనిషి కనపడకపోతే ఆయన పిల్లను దించడు. ఒకరోజు షాపులో గిరాకీ ఎక్కువై నేను ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. బస్సు అక్కడే ఉంది. వెనక ఆటోలవాళ్లు నోటికొచ్చినట్టు తిడుతున్నారు, లోపల పిల్లలు ఆకలని గోల పెడుతున్నారు, ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని నా దారి చూస్తున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నోట్లో నాలుక లేని మనిషని అప్పుడే అనుకున్నాను.

మొన్న దసరాకు జరిగింది చెబుతాను. వాళ్ల నాన్న ఆయుధపూజకు ఉలి, బాడిస, చిత్రిక అన్నీ కడిగి బొట్లు పెట్టేవాడట. కొడుకు వడ్రంగం వదిలి డ్రైవరయ్యాడు. మిగతా డ్రైవర్లు బండికి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఊరుకుంటారు. ఈయన అది చేసి ఇంటికొచ్చి, తన లైసెన్స్ కార్డును కూడా అమ్మవారి ముందు పెడతాడు. ఎందుకన్నా అని ఒకసారి అడిగితే, బండి స్కూలోళ్లది, లైసెన్సే తనది అన్నాడు. ఇన్నేళ్లూ పసుపు కుంకుమలతో సరిపోయింది. ఈసారి హారతి ఇచ్చి, కర్పూరం ఇంకా మండుతుండగానే పళ్లెం తెచ్చి సరిగ్గా ఆ కార్డు మీద దించాడు. కార్డు అప్పడంలా వంకర తిరిగింది. ఫొటో బుడగలు లేచింది, పేరు సగం మాసిపోయింది.

లైసెన్స్ ఫోన్‌లో ఉంది కదా, ఏమవుతుందిలే అనుకున్నాడు. నేనూ అదే అనుకునేదాన్ని. కానీ స్కూల్లో బస్సుల వ్యవహారమంతా చూసే విజయేందర్ అప్పుడే ఒక హుకుం జారీ చేశాడు. సెలవులయ్యాక సోమవారం బడి తెరిచేసరికి డ్రైవర్లందరూ ఒరిజినల్ కార్డు చూపించి, దాని జిరాక్స్ ఫైల్లో పెట్టాలి. ఫోన్‌లో చూపిస్తే చెల్లదు. కార్డు లేనివాడు బస్సు ఎక్కడానికి వీల్లేదు.

గురువారం ఆ వంకర కార్డు పట్టుకుని బ్రహ్మచారన్న నా షాపుకొచ్చాడు. డూప్లికేట్‌కు దరఖాస్తు నింపుతుంటే నాకే తిక్క రేగింది. కార్డుకో ఫీజు, పనికో ఫీజు, పోస్టుకో ఫీజు, ఆన్‌లైన్‌లో కట్టినందుకు మళ్లీ ఇంకో ఫీజు. అవి చాలవన్నట్టు టైపు కొట్టినందుకు నేనూ వంద తీసుకున్నాను, దాచడమెందుకు. అంతా కలిపితే ఆయన ఒకరోజు జీతం పైమాటే. ఆ డబ్బు పోతే పోయిందనుకుందాం. పాడైందని రాస్తే పాత కార్డు ఆఫీసులో ఇచ్చేయాలి. కొత్తది పోస్టులో వచ్చేదాకా చేతిలో రసీదు ముక్కే మిగులుతుంది. సోమవారం ఏం చూపిస్తాడు?

అందుకే నేనొక సలహా ఇచ్చాను. పోయిందని రాద్దాం, పోలీస్ స్టేషన్లో ఒక కాగితం తెచ్చుకుంటే చాలు, కాలిన కార్డు నీ దగ్గరే ఉంటుంది, విజయేందర్‌కు దాన్నే చూపించి గట్టెక్కు అన్నాను. అందరూ చేసేదే చెప్పాను.

“పోలేదు కద హదస్సమ్మా, నా జేబులనే ఉన్నది,” అన్నాడు. “పోలీసోళ్ల ముంగట గిట్ల అబద్ధం చెప్పి, మళ్ల పిల్లల బండి ఎట్ల ఎక్కాలె?”

నాకు ఒళ్లు మండింది. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేదాన్ని నేను, అబద్ధం వద్దని నాకు చెప్పేది ఈయనా అనిపించింది. విసుగ్గానే ‘పాడైంది’ అన్నదాని మీద నొక్కాను.

శుక్రవారం ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాడు. కాలిన కార్డు ఇచ్చాడు, ఫొటో దిగాడు, రసీదు తెచ్చుకున్నాడు. సోమవారం దాన్ని విజయేందర్ ముందు పెడితే, కార్డు అడిగితే కాగితం తెస్తావేందన్నాడట. సర్కారు ముద్ర ఉన్న రసీదు ఈయనగారికి చాలలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. కార్డు వచ్చాక నీ బస్సు నీకే ఇస్తానని చెప్పి, అప్పటిదాకా తన మేనత్త కొడుకు రాములును ఎక్కించాడు. పని చేయని రోజులకు జీతం లేదన్నాడు.

బ్రహ్మచారన్న ఆ మాట నమ్మి ఇంట్లో కూర్చున్నాడు. రోజూ పొద్దున ఆరింటికి స్నానం చేసి ఖాకీ చొక్కా వేసుకునేవాడని ఆయన భార్య ఊర్మిళ చెప్పింది. మధ్యాహ్నం పోస్టుమ్యాన్ వెళ్లిపోయాక విప్పేసేవాడట. అలా పది రోజులు గడిచాయి.

పదకొండో రోజు ఒకతను లైసెన్స్ జిరాక్స్ కోసం షాపుకొచ్చాడు. స్కూలు ఫైలుకట, రెండు వైపులా కావాలన్నాడు. కార్డు నిన్న అచ్చయినట్టు నిగనిగలాడుతోంది. ముందు వైపు తీసి, తిప్పి అద్దం మీద పెడుతూ చదివాను. బైకు, కారు. అంతే. బస్సు అన్న మాటే లేదు. ఏ బస్సు నడుపుతావు బాబూ అని అడిగితే, సీతాఫల్‌మండి రూటేనక్కా అన్నాడు. వీడే ఆ రాములు. ఒక కాపీ అతనికిచ్చి, ఒకటి నేను ఉంచుకున్నాను.

షట్టరు దించి, ఆటో ఎక్కి నేరుగా స్కూలుకు వెళ్లాను. విజయేందర్ ఆ కాగితం చూసి, ఒరిజినల్ కార్డు తన కళ్లతో చూశానన్నాడు. చూశాడు, మెరుస్తోందా లేదా అని. తిప్పి చదివిన పాపాన పోలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. స్కూలు వదిలే వేళ, గేటు దగ్గర తల్లిదండ్రులందరి ముందూ ఆ కాగితం ఎత్తి పట్టుకుని నానా మాటలూ అన్నాను. ఏమన్నానో అన్నీ ఇక్కడ రాయలేను.

ఆ సాయంత్రమే విజయేందర్ బ్రహ్మచారన్న ఇంటికి ఒక కాగితం పంపించాడు. బ్రహ్మచారన్నే రాసినట్టుగా, సొంత పని మీద నేనే సెలవు పెట్టాను, రాములును నేనే నా బదులు పంపాను అని రాసి ఉంది. సంతకం పెడితే రేపటి నుంచి బస్సు ఎక్కొచ్చు, ఆగిన జీతమూ ఇస్తారు. పెట్టమని ఊర్మిళ బతిమాలింది. పెట్టమని నేనూ అన్నాను, ఇద్దరు పిల్లల ఫీజులున్నాయి కదా అని. ఆయన ఆ కాగితాన్ని నా టేబుల్ మీద బోర్లా పెట్టి, వేరేది టైపు చేయమన్నాడు.

“నేను సెలవు పెట్టలే. లైసెన్స్ పోలే, కాలింది. కాల్చుకున్నది నేనే, అది నా తప్పు. రసీదు చూపెట్టిన, వద్దన్నరు. బస్సు లైసెన్స్ లేనోనికి నలభై మంది పిల్లలను అప్పజెప్పింది మీరు. అది సుత రాయమ్మా.”

మూడు కాపీలు తీయించాడు. ఒకటి స్కూలుకు, ఒకటి ఆర్టీఏకు, ఒకటి తనకు. మొదటిసారిగా ఆయన గొంతు పెద్దదవడం విన్నాను.

మూడో రోజుకల్లా రాములును దించేశారు. బస్సు లైసెన్స్ ఉన్న వేరే డ్రైవర్‌ను తెచ్చుకున్నారు. విజయేందర్ కుర్చీలోనే ఉన్నాడు. బ్రహ్మచారన్నను మాత్రం మళ్లీ పిలవలేదు. స్కూలు పరువు తీశాడట. గేటు దగ్గర నా చుట్టూ చేరి అయ్యో అన్న తల్లిదండ్రుల్లో ఒక్కరంటే ఒక్కరు, ఆ పాత డ్రైవర్ ఏమయ్యాడని అడగలేదు. సిగ్గు లేకపోతే సరి.

ఇప్పుడు బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. జీతం సగానికి సగం పడిపోయింది. కొత్త కార్డు, రాములును దించేసిన ఆ వారమే, శనివారం పోస్టులో వచ్చింది. చూపించమని ఇంతవరకూ ఆయన్ని ఎవరూ అడగలేదు.