బాయిలర్ దగ్గర బెల్లం డబ్బా

నాయిన కడుపు స్కానింగ్ రిపోర్టు చూసి మిర్యాలగూడ డాక్టరు అడిగిన మొదటి మాట, "రోజు ఎంత తాగుతవ్?"

"చుక్క ముట్ట సారూ," అన్నాడు నాయిన.

డాక్టరు నావైపు చూశాడు. నేను నాయిన వైపు చూశాను. ఆ చూపు అర నిమిషం కూడా లేదు. అందులో అనుమానం ఉంది, నాయిన దాన్ని పట్టుకున్నాడు.

అది 2012 వానకాలం. కాలేయానికి కొవ్వు పట్టిందని, రెండో దశలో ఉందని, ఇట్లాగే వదిలేస్తే గట్టిపడుతుందని చెప్పారు. మా దిక్కు లివర్ ఖరాబైందంటే ఒక్కటే అర్థం. మనిషి తాగుబోతు.

మాది మాడుగులపల్లి. ఉన్న కొద్ది భూమి చాలక నా చిన్నప్పుడే మిర్యాలగూడకు వచ్చి, ఒక ఉప్పుడు బియ్యం మిల్లు వెనక వీధిలో కిరాయికి దిగాం. నాయిన ఆ మిల్లు బాయిలర్‌కు ఊక పోసేవాడు. నేను కోదాడలో మెకానికల్ డిప్లొమా చేసి అదే మిల్లులో మోటార్లు, బెల్టులు చూసే పనిలో చేరాను.

ఆ సాయంత్రం అమ్మ నాయిన అంగీ విప్పించి వాసన చూసింది.

"ఊక కమురు తప్ప ఏం వస్తలేదు. దీని కింద ఏమన్న దాస్తున్నవా?"

"ఔనే, బాయిలర్ల సారా కాస్తున్న. నీకో సీసా తేనా?"

నవ్వించబోయాడు. ఎవరం నవ్వలేదు. తరువాత ఆ అంగీని ఆయనే ఉతుక్కున్నాడు.

నాకు భయం వేస్తే రాసుకోవడం అలవాటు. వారం రోజులు నాయిన ఒంట్లోకి పోయేదంతా నోటుబుక్కులో రాశాను. వైద్యం కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి మొదటి మూడు రోజులు వెతికింది సీసా కోసమే. సీసా దొరకలేదు. మిగిలినవి ఇవి: మూడు పూటలా దొడ్డు బియ్యం అన్నం, నాలుగు చాయ్‌లు, పనిలో ఉన్నంతసేపూ ఊక దుమ్ము, పనిలో ఉన్నా ఇంట్లో ఉన్నా మిల్లు పొగ, బెల్లం.

బాయిలర్ దగ్గర ఒక స్టీలు డబ్బా ఉండేది. షిఫ్టు దిగేటప్పుడు ప్రతివాడూ అందులోంచి ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. గొంతులో పట్టిన దుమ్ము దాంతో దిగిపోతుందని నమ్మకం. డబ్బా ఖాళీ కాకుండా మేస్త్రీ చూసుకునేవాడు. రెండేళ్ల ముందు నాయినకు దగ్గు పట్టుకున్నప్పుడు, రోజుకొక ముక్క చాలదు, గంటకొకటి తినమని చెప్పింది నేనే. గ్రీజుకు దుమ్ము అంటుకున్నట్టు బెల్లానికి అంటుకుని దిగుతుందని వివరించాను కూడా. నాయిన నా చదువును నమ్మాడు.

సూర్యాపేటకు వారానికోసారి ఒక కడుపు డాక్టరు వచ్చేవాడు. బస్సులో అక్కడికి తీసుకుపోయి నా లిస్టు చదివాను. బెల్లం దగ్గర ఆయన ఆపాడు.

"రోజుకెంత?"

నాయిన పిడికిలి చూపించాడు.

"ఇంత తినమని ఎవరు చెప్పారు?"

"మావాడే సారూ. డిప్లొమా చేసిండు." ఆ గొంతులో గర్వం ఉంది. నేను నేలవైపు చూశాను.

"గాలి పోయే గొట్టం వేరు, అన్నం పోయే గొట్టం వేరు," అన్నాడు డాక్టరు నాతో. "దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయింది, తీపి లివర్‌కు పోయింది. తాగనివాళ్లకు కూడా కొవ్వు పడుతుంది బాబూ."

డిప్లొమాలో స్టీము పైపుల బొమ్మలు గీసినవాణ్ని నేను. మనిషిలో ఉన్న రెండు గొట్టాలు నాకు గుర్తు రాలేదు.

మిల్లు పొగ సంగతి అడిగాను. పొగ, సన్నటి దుమ్ము కూడా లివర్‌ను ఇబ్బంది పెట్టొచ్చని ఈ మధ్య అంటున్నారని, నాయినకు ఏది ఎంత చేసిందో మాత్రం తను చెప్పలేనని అన్నాడు. "మీ నాయినను రెంటికీ దూరంగా ఉంచు."

నన్ను భయపెట్టింది ఆ జవాబే. బెల్లం మానిపించొచ్చు, అన్నం తగ్గించొచ్చు. గాలికి కొలత ఏది? తెల్లారి లేచేసరికి మా నీళ్ల డ్రమ్ము మూత మీద బూడిద ఉండేది. తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ ఉండేది. అంతకుముందు అది మురికి. ఇప్పుడు మూత మీద వేలితో గీత గీసి, నాయిన లోపల ఎంత మందాన పేరుకుందో అనుకునేవాణ్ని.

బాయిలర్ వదిలి గేటు పక్క లారీలు తూచే కాంటా దగ్గర పని అడగమన్నాను. నాయిన వినలేదు.

"లివర్ సంగతి మిల్లంత తెలిసింది. ఇప్పుడు దిగితే, తాగుడుకు పనికిరాకుంట పోయిండంటరు. ఊక పోసుకుంటనే సస్త గని ఆ మాట పడ."

నెల గడిచింది. బెల్లం మానేశాడు, బాయిలర్ మానలేదు. ఆ నెలలోనే నాకు కుడి డొక్క కింద బరువుగా అనిపించడం మొదలైంది. భయమో, నిజమో తెలియదు. ఆ డబ్బాలో బెల్లం నేనూ తిన్నాను, ఆ పొగా పీల్చాను. ఇంట్లో చెప్పకుండా స్కానింగ్ తీయించుకున్నాను. కొవ్వు, మొదటి దశ. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

నాయిన ముందు పెట్టాను. ఆయనకు చదువు రాదు, కానీ తన రిపోర్టులోని 'ఫ్యాటీ లివర్' అన్న రెండు ఇంగ్లీషు మాటల ఆకారం గుర్తుపట్టాడు. వాటి మీద వేలు పెట్టాడు.

"నీకు గూడనా, బిడ్డా?"

మరునాడు షిఫ్టు మారే వేళ, అందరూ డబ్బా చుట్టూ ఉండగా మేస్త్రీ దగ్గరికి పోయాడు.

"నన్ను కాంటా కాడికి మార్చు. మావాన్ని గూడ ఈ దుమ్ములకెళ్లి తియ్యి."

"ఏందన్నా, మందు ఎక్కువైందా?"

"నీ బెల్లం ఎక్కువైందిరా. మావానికి గూడ అదే రోగమొచ్చింది. వాడు తాగంగ ఎవడన్న సూసిండా, చెప్పుండ్రి."

ఒకరిద్దరు నవ్వారు. ముక్క సగం కొరికిన ఒకతను మిగతా సగాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

కాంటా గది కూడా ఆ కాంపౌండులోదే. నాయిన అక్కడ కూర్చున్న మొదటి రోజు నేను టేపు తీసుకుని చిమ్నీ నుంచి గది దాకా కొలిచాను. కిటికీ అద్దం మీద సన్నగా బూడిద ఉంది. నాయిన దాన్ని అంగీ చేత్తో తుడుస్తూ అడిగాడు.

"ఇంత దూరం సాలుతదా?"

ఎంత దూరం చాలుతుందో నాకు తెలియదు. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు.

"సాలుతది నాయినా," అన్నాను.

మళ్లీ నమ్మాడు.